చెరి సగం తిమింగలం

ఫిబ్రవరి 9, ఆదివారం

జిల్లా పేజీలో సారు ఫొటో వచ్చింది. "కాళ్లున్న తిమింగలాన్ని కనుగొన్న నకరికల్లు బిడ్డ" అని హెడ్డింగు. ఆయన చేతిలో నా దవడ. అంటే కచ్ సముద్రపు ఒడ్డున, గట్టు కింద మోకాళ్ల మీద కూర్చుని, బ్రష్షుతో ఊడ్చి ఊడ్చి నేను బయటికి తీసిన దవడ. ఆ రోజు మా సారు, ప్రొఫెసర్ నరసింహారావు గారు, గెస్ట్ హౌసులో కడుపునొప్పితో పడుకుని మజ్జిగ తాగుతున్నారు. వార్తలో మజ్జిగ సంగతి లేదు. నా పేరూ లేదు. "విద్యార్థుల సహకారంతో" అని ఉంది.

విద్యార్థులట! ఆ గట్టు దగ్గర ఆయన విద్యార్థి అంటూ ఉన్నది నేనొక్కదాన్నే. నాలుగు కోట్ల ఏళ్ల నాటి జంతువు, నడిచీ ఈదీ బతికింది. దాన్ని చూసి మొదట కేక పెట్టిందీ నేనే.

నాన్న టీ కొట్టు దగ్గర చదివి పేపరు తీసుకుని ఇంటికొచ్చాడు. "ఏందే లూర్దూ, దీంట్లో నీ పేరు లేదేంది?" అన్నాడు.

"పేరు ఎవరిక్కావాలి నాన్నా" అన్నాను. నిజంగానే అక్కర్లేదు. సైన్సులో పని ముఖ్యం, పేరు కాదు.

సాయంత్రం సెంటరుకు వెళ్లి ఇంకో కాపీ కొన్నాను. ఊరికే, ఉంటుందని.

ఫిబ్రవరి 10

ఈ రోజు కోపం లేదు. పుర్రె ఉన్న బండను యాసిడ్‌లో పెట్టాను.

ఫిబ్రవరి 13

కోపం లేదని రాశాను కదా. అబద్ధం. ఒళ్లు మండిపోతోంది.

దవడ ఆయన దగ్గరుంటే ఉండనీ. పుర్రె మాత్రం ఇక్కడ, రెంటచింతలలో, మా పాత బర్రెల కొట్టంలో ఉంది. ఇంకా సగం పైగా రాయిలోనే ఉంది. దాన్ని ఇక్కడికి తెచ్చుకోమన్నది ఎవరు? ఆయనే. "ల్యాబ్ పైకప్పు కారుతోందమ్మా, మీ ఊళ్లో పెట్టుకుని నిదానంగా చేసుకో." ఒక కాగితం రాసివ్వండి సార్ అంటే, "మన మధ్య కాగితాలేంటమ్మా" అని నవ్వారు. ఆ నవ్వు గుర్తొస్తే పళ్లు నూరుకుంటున్నాను.

పనేమో గబగబా అయ్యేది కాదు. పలచటి అసెటిక్ యాసిడ్‌లో బండను నానబెడితే సున్నపురాయి కొద్దికొద్దిగా కరుగుతుంది, ఎముక మిగులుతుంది. బయటపడిన ఎముకను కడిగి, ఆరబెట్టి, జిగురు పూసి, మళ్లీ నానబెట్టాలి. తొందరపడితే ఎముక కూడా పోతుంది. కొట్టమంతా వెనిగర్ వాసన. పక్కింటి మాబున్నీసా పిన్ని గోడ మీద నుంచి తొంగి చూసి, "ఇది ఏం ఊరగాయే తల్లీ, రెండేళ్ల నుంచీ పెడతానే ఉన్నావ్" అంటుంది.

ముందువైపు పళ్లు బయటపడ్డాయి. చానా బాగున్నాయని అమ్మ కూడా అంది. "యోనా ప్రవక్తను మింగింది ఇదేనంటావా?" అని అడిగింది. కాదమ్మా, దీనికి కాళ్లున్నాయి అన్నాను. "తిమింగలానికి కాళ్లేందే, నీ మొహం" అని లోపలికి పోయింది.

నాకు కావలసింది పళ్లు కాదు. వెనకవైపు, ఇంకా రాయిలోనే ఉన్న చెవి ఎముక. నేల మీద వినే చెవా, నీళ్లలో వినే చెవా అన్నది ఆ ఎముకే చెబుతుంది. అది తేలితేనే ఈ జంతువు ఏమిటో తేలుతుంది. సారుకీ ఆ సంగతి తెలుసు. అందుకే ఫోన్ చేస్తాడు చూడు.

ఫిబ్రవరి 21

చేశాడు.

"లూర్దూ, బండ పంపించెయ్యమ్మా. మిగతాది ఇక్కడ చేయిద్దాం."

"రీసెర్చ్ పేపర్లో నా పేరు ఎక్కడ ఉంటుంది సార్?"

"కృతజ్ఞతల్లో తప్పకుండా పెడతాను."

కృతజ్ఞతల్లో! కారు డ్రైవరు పక్కన, గెస్ట్ హౌసు వంటాయన పక్కన. నేను అరవలేదు. చాలా మర్యాదగా, "నా పేరు మొదట ఉంటేనే బండ కదులుతుంది సార్" అన్నాను. ఫోన్ పెట్టేశాక కొట్టంలో ఖాళీ బకెట్టును ఒక్క తన్ను తన్నాను. అది పోయి గోడకు తగిలి పగిలింది. కొత్త బకెట్టు.

మార్చి 2, ఆదివారం

సారు బావమరిది వచ్చాడు. పేరు యల్లమంద, నకరికల్లులో వ్యవసాయం. బండ వేసుకుపోవడానికి బొలెరో కూడా తెచ్చాడు. కొట్టం తలుపుకు అడ్డంగా నిలబడ్డాను. చర్చి నుంచి అప్పుడే వచ్చిన నాన్న ఆయన్ను అరుగు మీద కూర్చోబెట్టి, మజ్జిగ ఇప్పించి, ఈ ఏడు మిరపకు తెగులు ఎట్టా ఉందో మాట్లాడాడు. వాళ్ల ఊళ్లో ఎవరో మా ఊరి వాళ్లకు వియ్యంకులని తేలింది. ఇంకేం, అన్నా అంటే తమ్ముడూ అనుకున్నారు.

యల్లమంద పోతూ పోతూ, "పెద్దమనుషుల్లో పెడదాంలే అన్నా. మా బావ తరపున నేను కూచుంటా" అన్నాడు.

నాన్న తల ఊపాడు.

మార్చి 3

నాన్నతో గొడవ.

మా నాన్న ఇన్నారెడ్డి ముప్పై ఏళ్లుగా పంచాయితీలు చెబుతున్నాడు. గట్టు తగాదాలు, బోరు తగాదాలు, అన్నదమ్ముల పంపకాలు. ఆయన తీర్పు ఎప్పుడూ ఒకటే, చెరి సగం. ఇద్దరికీ కడుపు నిండకపోవడమే సరైన న్యాయమని ఆయన నమ్మకం.

"నాన్నా, అది పొలం కాదు. అది నాదీ కాదు, ఆయనదీ కాదు. యూనివర్సిటీది."

"ఎవరిదీ కాని బంజరు కూడా పంచాం మేము."

"దాన్ని పంచకూడదు. పుర్రె అది. ఒక్కటే ఉంది ప్రపంచంలో."

"మరి నువ్వు పడే ఏడుపు ఎట్టా తెగాలే?"

"నేనెక్కడ ఏడుస్తున్నాను?"

నువ్వు ఇందులో వేలు పెట్టొద్దు అని గట్టిగా చెప్పాను. "సరేలేవే" అన్నాడు. సరే అన్నాడు కాబట్టి ఆ విషయం అక్కడితో అయిపోయింది.

మార్చి 5, విభూది బుధవారం

చెవి దగ్గరకు వస్తున్నాను. రాయి రంగు మారింది.

మార్చి 12

నాన్న ఇవాళ తనంతట తనే, "నరసరావుపేట పోయి వకీలును కలువు. నోటీసు ఇప్పిద్దాం. శుక్రవారం పో, కోర్టు దగ్గరే దొరుకుతాడు" అన్నాడు. నాన్న నా పక్షానికి వచ్చినట్టే ఉంది. ఊరికే అరిచాను ఆయన మీద.

మార్చి 14

కోశారు.

మార్చి 15

నిన్న రాయలేకపోయాను. ఇప్పుడు రాస్తాను.

నరసరావుపేటలో వకీలు నన్ను మధ్యాహ్నం దాకా బల్ల మీద కూర్చోబెట్టాడు. నోటీసు రాయిస్తానన్నాడు. సంతోషంగానే బస్సెక్కాను. ఇంటికొచ్చేసరికి కొట్టం తలుపు బార్లా తీసి ఉంది. యాసిడ్ తొట్టి ఖాళీ. పక్కన నా దుప్పటి కప్పిన రాయి ఒకటి. దుప్పటి తీశాను. ఒక పక్క అద్దంలా నున్నగా ఉంది. గడప బండలా కోసేశారు.

అరుగు మీద నాన్న. ఆ ముఖంలో గర్వం! నేను జన్మలో మరిచిపోను ఆ గర్వం.

"తేలిపోయిందే. చెరి సగం. మాచర్లలో నాపరాళ్లు కోసే మిషన్ మీద పెట్టిచ్చాం. టేపు పెట్టి నేనే గీత గీశా. ఒక్క నూలు అటూ ఇటూ లేదు."

నేను ఏదో అన్నాను. ఏమన్నానో గుర్తులేదు. అమ్మ వచ్చి నా చెయ్యి పట్టుకుంది.

"మేము కోయించాం గాబట్టి కోరుకునేది వాళ్లు. అది పద్ధతి" అని ఆయన ఇంకా చెబుతూనే ఉన్నాడు. "యల్లమంద పళ్లు కనపడే ముక్క ఎత్తుకున్నాడు. నేను నోరు మెదపలా. నీకొచ్చిన ముక్కే బరువే. తూకం కూడా ఏయించా."

తూకం. నాలుగు కోట్ల ఏళ్లు ఒక్క ముక్కగా ఉన్న పుర్రెకు తూకం వేయించాడు మా నాన్న.

"నన్నెందుకు పిలవలేదు?" అన్నాను.

"ఆడపిల్లవి నువ్వెట్టా కూచుంటావే పెద్దమనుషుల్లో? నీ తరపున నేను లేనా? ఆ సారు తరపున యల్లమంద లేడా?"

అదీ సంగతి. ఆ రాయిలో ఏముందో తెలిసినవాళ్లు ఈ లోకంలో ఇద్దరు. ఒకరు నేను, రెండోది ఆ దొంగ. మా ఇద్దరినీ అడగకుండా, మా ఇద్దరి తరపునా కూర్చుని తీర్పు చెప్పుకున్నారు. వకీలు దగ్గరికి నన్ను పొమ్మన్నది ఎందుకో కూడా ఇప్పుడు తెలిసింది.

మార్చి 16

ఆయనతో మాట్లాడను.

మార్చి 17

మాట్లాడలేదు.

మార్చి 19

అన్నం కొట్టంలోకి తెచ్చి పెడుతోంది అమ్మ. "పదిమంది తగాదాలు తీర్చినోడే, ఇంట్లో నీ మొహం చూడలేక తల్లడిల్లిపోయాడే" అంది.

"అమ్మా, ఆయన్ను వెనకేసుకు రాకు."

"ఎనకేసుకు రావట్లా. ఆ పేపరు రెండోది నీ దిండు కింద చూశాడంట. నీ పేరు ఉండాల్సిన కాడ పెన్నుతో గీత గీసుకున్నావంట. అది చూసినకాడి నుంచీ నిద్రపోలా మనిషి."

ఊరికే గీశాను. పెన్ను పనిచేస్తుందో లేదో చూడడానికి.

మార్చి 20

కోసిన ముఖాన్ని ఇవాళ భూతద్దంతో చూశాను. కోసిన ముఖాన్ని చూడకూడదనే ఇన్నాళ్లూ గోడవైపు తిప్పి పెట్టాను.

రంపం అడ్డంగా పోయింది. ఎడమ చెవి ఎముక ముందు భాగాన్ని తినేసింది. రెండు రొట్టెల మందాన ఎముక లేదు. నా ముక్కలోనూ లేదు, వాళ్ల ముక్కలోనూ ఉండదు. రంపం మీద పోసిన నీళ్లతో కలిసి తెల్లటి బురదై కాలవలో పోయింది. రెండు ముక్కలూ తెచ్చి అతికించినా అతకవు.

కుడి చెవి లోపల ఉంది. ఉందనుకుంటున్నాను.

మార్చి 22

సారు ఫోన్. హలో అనకుండానే అరుపు.

"ఎవరు కోశారు? ఏ దరిద్రుడు కోశాడు?"

"మీ బావమరిది, మా నాన్న."

కోసిందెవరో ఆయనకు చెప్పలేదట. యల్లమంద ఆ ముక్కను గోనెసంచిలో చుట్టి, బస్సు డిక్కీలో వేసి, నేరుగా ఆయన ఇంటి హాల్లో దించి వచ్చాడట. "బావా, నీ సగం" అన్నాడట.

"నాకు ఒక్క మాట చెప్పలేదు లూర్దూ" అన్నాడాయన. "దాన్ని రంపంతో కోస్తారని ఎవరైనా అనుకుంటారా? పెద్దమనుషులు మాట్లాడి నిన్ను ఒప్పిస్తారేమో అనుకున్నాను."

ఒక్క క్షణం, కేవలం ఒక్క క్షణం, ఆయన మీద జాలేసింది. ప్రపంచంలో నా దుఃఖం అర్థమయ్యే మనిషి ఆయనొక్కడే. అది తలుచుకుంటే ఇంకా ఒళ్లు మండింది.

తరవాత ఆయన మామూలైపోయాడు. "సరే, జరిగిందేదో జరిగింది. బయటికి పొక్కితే ఇద్దరికీ మంచిది కాదు. చెవి నీ ముక్కలో ఉంది. నువ్వు బయటికి తియ్యి. పేపర్లో 'రాయి నుంచి వేరు చేసేటప్పుడు దెబ్బతింది' అని ఒక ముక్క రాసి ఊరుకుందాం. నీ పేరు మొదటే పెడతాను."

రాయి నుంచి వేరు చేసింది ఎవరు? నేను. అంటే పగలగొట్టింది నేను. నా పేరు మొదట వస్తుంది, ఆ పాపం కూడా నా పేరు మీదే వస్తుంది.

ఆలోచించి చెబుతానన్నాను. ఎందుకు వెంటనే ఛీ అనలేదు? నా పేరు మొదట అనగానే నోరు పెగల్లేదు. పేరు నాకు అక్కర్లేదని ఈ డైరీలోనే ఎక్కడో రాశాను.

మార్చి 30

యాసిడ్. కడగడం. జిగురు. యాసిడ్.

ఏప్రిల్ 6

నాన్న రెండు బస్తాలు ట్రాక్టర్‌లో వేసుకొచ్చి కొట్టం గోడ వెంట దించాడు. నాతో చెప్పలేదు, నేను అడగలేదు. అమ్మ చెప్పింది. మాచర్ల మిషన్ దగ్గర కాలవలో ఎండిపోయిన తెల్ల బురద. పార పెట్టి తనే ఎత్తుకొచ్చాడట. "పోయిన ఎముక దాంట్లోనే ఉండిద్దిగా. జల్లెడ పడితే వచ్చిద్దేమో అడుగు దాన్ని" అన్నాడట అమ్మతో.

ఎన్ని రాళ్లు కోశారో ఆ మిషన్ మీద! ఎవరి గడపలు, ఎవరి అరుగులు, ఎవరి వంటింటి గట్లు అన్నీ కలిసిన పిండి అది. నవ్వు రావాలి. కోపం వచ్చింది. తలుపు వేసుకుని పని చేసుకున్నాను.

ఏప్రిల్ 18, పవిత్ర శుక్రవారం

అమ్మానాన్నా సిలువ మార్గానికి పోయారు. నేను పోలేదు. తొట్టిలో నుంచి తీసి కడుగుతుంటే కుడి చెవి ఎముక బయటపడింది.

గవ్వంత ఉంది. గవ్వలాగే ఉంది. ఒక పెదవి మందంగా, ఒక పెదవి పలచగా. వేలితో తడితే గట్టిగా, బరువుగా, రాయికన్నా రాయిలా ఉంది. నీళ్లలో వినే చెవే! కాళ్లుండీ, నేల మీద నడుస్తూనే, నీళ్లలో వినడం నేర్చుకుంటున్న జంతువు. నా జంతువు.

ఏడ్చాను. దేనికి ఏడ్చానో ఇక్కడ రాయను.

ఎడమది కూడా ఉంటే రెండిటినీ పక్కపక్కన పెట్టి చూసేదాన్ని.

ఏప్రిల్ 19

సారుకు ఫోన్ చేశాను. చెవి బయటపడింది, కానీ ఫొటో పంపను, ముందు నా మాట వినండి అన్నాను. పేరు మొదట నాది. పుర్రె ఎలా రెండు ముక్కలైందో ఉన్నది ఉన్నట్టు రాస్తాను. ఎవరు కోయించారో పేర్లతో సహా. ఆయన ఇంట్లో ఉన్నదీ తీసుకుని, రెండు ముక్కలూ యూనివర్సిటీకి నేనే తెచ్చి అప్పగిస్తాను.

"మా వాడి పేరా? నీకు పిచ్చా లూర్దూ? అది ఎక్కడ పెట్టుకున్నావని అడుగుతారు, నీ చేతికి ఎవరిచ్చారని అడుగుతారు!"

"అడుగుతారు సార్. మీరే ఇచ్చారని చెబుతాను."

"నీ భవిష్యత్తు..."

"నా భవిష్యత్తు సగం మాచర్ల కాలవలో పోయింది సార్. మిగతా సగం నాకు వదిలెయ్యండి."

పెట్టేశాను.

మే 4

సారు నుంచి కబురు లేదు. రెంటచింతల ఎండకు కొట్టం రేకులు నిప్పులు కక్కుతున్నాయి. చెవిని దూదిలో పెట్టి అమ్మ బీరువాలో, జపమాలల డబ్బాలో దాచాను.

మే 20

సారు మెసేజ్. "ఓకే. డ్రాఫ్ట్ పంపు." అంతే.

గెలిచాను. గెలిచిన సంతోషం ఎక్కడుందా అని వెతుక్కుంటున్నాను.

అమ్మ ద్వారా నాన్నకు తెలిసింది. అరుగు మీద నుంచి నాకు వినపడేలా మాబున్నీసా పిన్నితో అంటున్నాడు: "చూశావా చెల్లెమ్మా, తీర్పు చెప్పాక దారికొచ్చాడు ఆ సారు. ముందు పేరు మా పిల్లదే."

దారికొచ్చాడట! ఆయన తీర్పు వల్లనట! విస్తరాకు విసిరేసినట్టు ఆ డ్రాఫ్టు కాగితాలన్నీ విసిరేద్దామనిపించింది.

జూన్ 8, ఆదివారం

ఇవాళ నాన్న నాతో మాట్లాడడానికి కొట్టం దగ్గరికి వచ్చాడు. మార్చి తరవాత ఇదే మొదటిసారి. గుమ్మంలో నిలబడ్డాడు, లోపలికి అడుగుపెట్టలేదు. నేను డ్రాఫ్టు చదువుకుంటున్నాను.

"అమ్మ చెప్పింది" అన్నాడు. "నా పేరు కూడా పడిద్దంట గదా దాంట్లో."

"పడుతుంది."

ఆయన ముఖం వెలిగింది. అమ్మ అంతవరకే చెప్పినట్టుంది. ఎందుకు పడుతుందో చెప్పలేదు. "పేపరు రాంగానే ఫ్రేము కట్టిద్దాం" అన్నాడు. నాలో మిగిలిన కోపమంతా ఒక్కసారి నషాళానికి అంటింది. ఇంగ్లీషులో ఉన్నదాన్ని ఒక్కో వాక్యం తెలుగు చేసి చదివాను. మెత్తగా చేయలేదు.

"ఈ పుర్రెను మార్చి పద్నాలుగున మాచర్లలో నాపరాళ్లు కోసే మిషన్ మీద అడ్డంగా కోశారు. కోయించినవారు ఇన్నారెడ్డి, యల్లమంద. దీన్ని వెలికితీసినవారిని గానీ, పరిశోధిస్తున్నవారిని గానీ అడగలేదు. రంపం మందం మేర ఎముక, ఎడమ చెవి ముందు భాగంతో సహా, నాశనమైంది. అది ఇక దొరకదు."

నాన్న తలుపు చెక్కను పట్టుకున్నాడు. ముప్పై ఏళ్లు ఎదుటివాళ్లకు తీర్పు చదివిన మనిషి, నిలబడి విన్నాడు.

"ఆఖరుది మళ్లీ చదువు."

"అది ఇక దొరకదు."

"ఊఁ." కొంచెం ఆగి, "అబద్ధం ఏం లేదు దాంట్లో. ఉండనియ్" అన్నాడు. ఇంకా ఏదో అడగాలని నోటిదాకా వచ్చి ఆగిపోయింది. చివరికి అడిగేశాడు: "మా ఇద్దరిలో ముందెవరిదే పేరు?"

"నీదే."

తల ఊపాడు. వెళ్లబోయి, గోడ వెంట ఉన్న బస్తాల దగ్గర ఆగాడు. ఒకదాని మూతి విప్పి లోపల చెయ్యి పెట్టాడు. తెల్లటి పిండి వేళ్ల సందుల్లోంచి జారింది.

"మరి దొరకదని నువ్వే రాశావుగా" అన్నాడు, నా వైపు చూడకుండా. "ఇయ్యి పారబొయ్యనా?"

ఆ బస్తాల్లో ఏమీ లేదు. ఉన్నా ఎవరూ తీయలేరు. నాకు తెలుసు.

"వద్దు, ఉంచు" అన్నాను. కోపంగానే అన్నాను.